షిఫ్టు దిగి పొలానికి వెళ్లే మనిషి
(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ హాలులో అరవై దాటిన వాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. చిన్నప్పుడు బడిలో కేర్ సంస్థ వారి ఉప్మా తిన్నవాళ్లు, పాలపొడి కలిపిన పాలు తాగినవాళ్లు మీలో తప్పకుండా ఉంటారు. పీఎల్ 480 అనే ఆహార సహాయ చట్టం కింద అమెరికా గోధుమలు ఓడల్లో దిగిన రోజులు కూడా మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆ గింజను పండించినవాడు, గిడ్డంగికి ఎత్తినవాడు, రైలు పెట్టెలో నింపినవాడు ఎలాంటి మనిషో అప్పుడు మనం అడగలేదు. మన పిల్లలు వేల సంఖ్యలో ఆ దేశం వెళ్లి స్థిరపడ్డాక కూడా అడగలేదు. ఈ సాయంత్రం ఆ మనిషి గురించి, అంటే అమెరికా మిడ్‌వెస్ట్ పల్లెల్లో ఒళ్లు వంచి పనిచేసే మనిషి గురించి మాట్లాడాలని వచ్చాను.

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. జె-1 అనే వీసా మీద అమెరికా వెళ్లిన విదేశీ వైద్యులు అక్కడ పైచదువు పూర్తయ్యాక రెండేళ్ల పాటు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్నది నిబంధన. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే ఏర్పాటు ఒకటి 1994లో మొదలైంది. నార్త్ డకోటాకు చెందిన కెంట్ కాన్రాడ్ అనే సెనేటర్ తెచ్చిన చట్టం అది. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది ఆ దారిలోనే అమెరికా పల్లెలకు చేరారు. నేనూ అలాగే పశ్చిమ ఇల్లినాయ్‌లో ఒక చిన్న ఊరికి వెళ్లాను. మూడేళ్లు గడిచాయి. ఆ తర్వాత కూడా అక్కడే ఉండిపోయాను.

మిడ్‌వెస్ట్ అంటే అమెరికా జనగణన శాఖ లెక్కలో పన్నెండు రాష్ట్రాలు. తూర్పున ఒహాయో మొదలుకొని పడమట డకోటాలు, నెబ్రాస్కా, కాన్సాస్ దాకా. అక్కడి పల్లె మనిషి అనగానే మనకు రెండు బొమ్మలు తోస్తాయి. ఒకటి, వేల ఎకరాల ఆసామి, ఏసీ గదిలాంటి కంబైన్‌లో కూర్చుని పంట కోసేవాడు. రెండోది, ఎన్నికలప్పుడు టీవీలో కనిపించే కోపిష్టి ఓటరు. ఈ రెండు బొమ్మల వెనక అసలు మనిషి కనిపించకుండా పోతాడు. ఆ పల్లెల్లో వ్యవసాయమే ప్రధాన ఉపాధిగా ఉన్నవాళ్లు పదిలో ఒకరు కూడా ఉండరు. మిగతావాళ్లు ఫ్యాక్టరీలో, మాంసం కర్మాగారంలో, లారీ మీద, రైలు యార్డులో, బడిలో, ఆసుపత్రిలో జీతానికి పనిచేసేవాళ్లు. సొంత పొలం ఉన్న ఇళ్లలోనూ భార్యాభర్తల్లో ఒకరైనా బయట ఉద్యోగం చేయకుండా గడిచే ఇళ్లు తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఆ మనిషి ఒక తరం పాటు నిబ్బరంగా బతికాడు. హైస్కూలు చదువుతో ఇల్లు కట్టుకున్నాడు, పిల్లల్ని కాలేజీకి పంపాడు, జబ్బు చేస్తే ఆస్తి అమ్ముకోకుండా వైద్యం చేయించుకున్నాడు. నల్లరేగడి నేల ఇచ్చింది కొంత ఉంది, నిజమే. కానీ ఎక్కువ భాగం మనుషులు కూడి, పోట్లాడి కట్టుకున్నది. కట్టుకున్నది కాబట్టే దాన్ని కూల్చడం కూడా సాధ్యమైంది.

ముందు నేల గురించి కొంచెం. సాక్, మెస్‌క్వాకీ వంటి ఆదివాసీ జాతుల వారిని అక్కడినుంచి తరిమేశారు. 1785 నాటి భూశాసనం ప్రకారం ఆ నేలను చదరాలుగా కొలిచారు. మైలు పొడవు, మైలు వెడల్పు ఉన్న చదరం ఒక సెక్షన్, 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు, 160 ఎకరాలు, ఒక కుటుంబం సాగుకు తగిన కొలత అనుకున్నారు. మైలుకో రోడ్డు, తిన్నగా ఉత్తరానికి లేదా తూర్పుకు. మన దగ్గర ఇళ్లన్నీ ఊళ్లో ఒకచోట ఉంటాయి, పొలాలు ఊరి చుట్టూ ఉంటాయి. అక్కడ ఎవరి ఇల్లు వాళ్ల పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది. అరుగు లేదు, రచ్చబండ లేదు. జనవరిలో మంచు కురిసి రోడ్డు మూసుకుపోతే రెండు రోజులు ఇంకో మనిషి ముఖం కనిపించదు. ఆ మనుషులు ఎందుకంత తక్కువ మాట్లాడతారో నాకు ఆ చలికాలాల్లోనే అర్థమైంది.

ఒక మనిషిని దగ్గరగా చూద్దాం. పేరు చెప్పను. మా ఆసుపత్రిలో బాయిలర్లు, నీటి గొట్టాలు, జనరేటర్ చూసుకునే ఉద్యోగి. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటారు. 1947లో పుట్టారు, తండ్రిది సరిగ్గా ఆ 160 ఎకరాల వ్యవసాయం. మొక్కజొన్న, సోయా, కొన్ని పందులు, పాడి ఆవులు.

ఆయన పుట్టడానికి కొన్నేళ్ల ముందే ఆ ఇంటికి కరెంటు వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పాలి. 1930ల నడుమ అమెరికా పొలాల్లో పదింట ఒక ఇంటికి మాత్రమే విద్యుత్తు ఉండేది. మైలుకు రెండు ఇళ్లున్న చోటికి తీగలు లాగితే లాభం లేదని ప్రైవేటు కంపెనీలు రాలేదు. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది. రైతులు తలా ఐదు డాలర్లు సభ్యత్వం కట్టి సహకార సంఘాలుగా ఏర్పడ్డారు, ప్రభుత్వం అప్పిచ్చింది, స్తంభాలు పాతుకున్నారు. 1950ల నడుమకు పదింట తొమ్మిది పొలాల్లో దీపాలు వెలిగాయి. వాళ్ల అమ్మగారు మొదట కొన్నది ఇస్త్రీ పెట్టె అని ఆయన చెప్పారు. అంతకుముందు ఎండాకాలంలో కూడా పొయ్యి రాజేసి, దాని మీద ఇనుప పెట్టెలు కాల్చి బట్టలు ఇస్త్రీ చేసేవారట. నేను 'కట్టుకున్నది' అన్నానే, అందులో మొదటి స్తంభం ఈ కరెంటు స్తంభమే.

పన్నెండు పదమూడేళ్లకు కూలి పని మొదలు. జులైలో హైబ్రిడ్ విత్తన పొలాల్లో ఆడ వరుసల మొక్కజొన్నకు మగ పూత పీకేయాలి. మన తెలుగు జిల్లాల్లో విత్తన ప్లాట్లు చేసే రైతులకు ఈ పని బాగా తెలుసు. తెల్లవారకముందే బస్సులో ఎక్కించుకుని వెళ్తారు. పొద్దున ఆకుల మీది మంచుకు ఒళ్లంతా తడుస్తుంది, పదింటికల్లా ఎండ మాడుస్తుంది, ఆకు అంచులు చేతుల్ని కోస్తాయి. సోయా చేలో అయితే వరుస వెంట నడుస్తూ కలుపు కొయ్యాలి. అక్కడ నడివయసు దాటిన వాళ్లలో ఈ రెండు పనులూ చేయనివాళ్లు నాకు అరుదుగా తగిలారు. డాక్టర్లు, లాయర్లు, బ్యాంకు మేనేజర్లు కూడా చేసినవాళ్లే. ఆ ఊళ్లలో ఒళ్లు వంచే పనిని ఎవరూ తక్కువగా చూడకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

హైస్కూలు అయ్యాక సైన్యం పిలుపు, వియత్నాం. దాని గురించి ఆయన ఎక్కువ మాట్లాడరు, నేనూ ఎక్కువ చెప్పను. తిరిగొచ్చి, వ్యవసాయ యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో వెల్డర్‌గా చేరారు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు. పొద్దున అన్నగారితో కలిసి తండ్రి పొలం.

అక్టోబరులో వాళ్ల బతుకు ఎలా ఉంటుందో చెబుతాను. గింజలో తేమ 15 శాతానికి దిగితే నిల్వకు మంచిది. అంతకంటే ఎక్కువుంటే గిడ్డంగి వాళ్లు ధర కోస్తారు, లేదా గ్యాసు కాల్చి ఎండబెట్టాలి. మరీ ఆగితే గాలివానకు కర్ర పడిపోతుంది. అంటే కోతకు దొరికేది కొద్ది వారాలు. రాత్రి పదకొండున్నరకు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, లంచ్ బాక్స్ ట్రక్కులోనే వదిలేసి, కంబైన్ ఎక్కి దీపాల వెలుగులో రెండింటి దాకా కోసేవారు. మళ్లీ ఎనిమిదింటికి గింజ ట్రక్కుతో గిడ్డంగి దగ్గర వరుసలో నిలబడేవారు. ఆ వయసులో అలసట అనిపించలేదా అని అడిగితే, ఇద్దరు అన్నదమ్ములున్నాం కదా అన్నారు.

ఆ ఫ్యాక్టరీలో యూనియన్ ఉండేది. గంటకు ఇంత అని కాగితం మీద రాసిన జీతం, ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు, కుటుంబానికంతటికీ ఆరోగ్య బీమా, పింఛను. అమెరికాలో బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుందన్న సంగతి మీరు మనసులో పెట్టుకోవాలి. చాలామంది రైతులు ఫ్యాక్టరీలో చేరింది జీతం కోసం కంటే ఆ బీమా కోసం.

డాక్టరుగా నేను చూసింది ఆ మనుషుల ఒళ్లు. పాతకాలపు మొక్కజొన్న కంకులు కోసే యంత్రంలో పోయిన వేళ్లు. జీవితమంతా ఇంజన్ల పక్కన గడిపి ఒక స్థాయి శబ్దం ఇక వినపడని చెవులు. పందుల కొట్టాల దుమ్ము, అమ్మోనియా పీల్చిన ఊపిరితిత్తులు. భుజాలు, మోకాళ్లు, నడుములు సరేసరి. అన్నిటికంటే భయంకరమైనది గింజ నిల్వచేసే పెద్ద గాదె. అడుగున గింజ జారుతున్నప్పుడు పైన నిలబడ్డ మనిషి కొద్ది క్షణాల్లో కదలలేకుండా చిక్కుకుంటాడు, అర నిమిషంలోపే పూర్తిగా మునిగిపోతాడు. పక్కనున్నవాడు కాపాడబోయి తనూ మునిగిన సంఘటనలు ఆ రాష్ట్రాల్లో దాదాపు ఏటా ఉంటాయి. ఛాతీలో నొప్పితో వచ్చిన రైతును వెంటనే చేరమంటే, కోత అయ్యాక వస్తానన్నవాళ్లు ఉన్నారు. ఆయనకు ఇప్పుడు నిజంగా ఎలా ఉందని పక్కనున్న భార్యను అడగడం అక్కడి వైద్యంలో మొదటి పాఠం. ఆయన చెప్పడు, ఆమె చెబుతుంది.

ఇక కూలడం మొదలైన కాలానికి వద్దాం. 1970ల్లో సోవియట్ యూనియన్ పెద్ద ఎత్తున ధాన్యం కొన్నది, ధరలు పెరిగాయి. వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ కంచె నుంచి కంచె దాకా నాటండి అని పిలుపునిచ్చారు. భూమి ధర ఏటా పెరుగుతుంటే బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి. ఈ అన్నదమ్ములు 1978లో పక్కనున్న 80 ఎకరాలు అప్పుమీద కొన్నారు. తర్వాత ద్రవ్యోల్బణాన్ని అణచడానికి కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ వడ్డీలు పెంచారు. బ్యాంకులు తమ మంచి ఖాతాదారులకు ఇచ్చే ప్రైమ్ వడ్డీరేటే 1980 డిసెంబరులో 21.5 శాతానికి చేరింది. అదే ఏడాది జనవరిలో, అఫ్గానిస్తాన్ ఆక్రమణకు జవాబుగా కార్టర్ ప్రభుత్వం సోవియట్లకు ధాన్యం అమ్మకాలను నిలిపేసింది. పక్కనున్న అయోవా రాష్ట్రంలో 1981లో సగటున ఎకరం 2,147 డాలర్లు ఉన్న భూమి 1986కు 787 డాలర్లకు పడిపోయింది. అప్పు మాత్రం పాత ధర మీదే ఉంది.

వేలాలు మొదలయ్యాయి. పొలం ముంగిట్లో ట్రాక్టర్, నాగళ్లు, పనిముట్లు, ఒక్కోసారి ఇంట్లో బల్లలు కూడా వరుసగా పెట్టి పాట పాడేవారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చేవారు, తలలు వంచుకుని నిలబడేవారు. జప్తులకు గుర్తుగా కౌంటీ కోర్టుల ముందు గడ్డిలో తెల్ల శిలువలు పాతారు. ఆత్మహత్యలు పెరిగాయి. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం 1985లో రైతుల కోసం ఫోన్ సహాయ కేంద్రం తెరవాల్సి వచ్చింది, అది ఇప్పటికీ నడుస్తోంది. మనకు 1997-98లో వరంగల్ పత్తి రైతుల విషాదం తెలుసు. పురుగుమందు అప్పు వేరు, భూమి అప్పు వేరు. కానీ ముత్తాత నుంచి వచ్చిన నేలను నా చేతిలో పోగొట్టుకున్నానే అన్న సిగ్గు, అది ఆ దేశంలోనూ ఇంతే లోతుగా మనిషిని తినేస్తుంది. వైద్యుడిగా ఈ మాట బాధ్యతతో చెబుతున్నాను: ఆ సిగ్గును మాటల్లో పెట్టించగలిగితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

అన్నదమ్ముల 80 ఎకరాలు పోయాయి. పాత పొలంలో కూడా కొంత పోయింది. ఫ్యాక్టరీ జీతం ఉంది కదా అనుకుంటారు. ఇక్కడే అసలు చిక్కు. పంట ధర పడితే రైతు ట్రాక్టర్ కొనడు. ట్రాక్టర్ అమ్ముడుపోకపోతే ఫ్యాక్టరీలో షిఫ్టు ఉండదు. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందనుకున్న రెండు ఆధారాలూ ఒకే దూలానికి వేలాడుతున్నాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ రాక్ ఐలండ్‌లోని ఫార్మాల్ ట్రాక్టర్ల ప్లాంటును 1985లో మూసేసింది. ఎర్ర ట్రాక్టర్ అంటే ప్రాణం పెట్టే ఊళ్లు అవి. ఈయన ఫ్యాక్టరీ మూతపడలేదు గానీ, రెండేళ్ల పాటు పని ఉన్నప్పుడు పిలిచేవారు, లేనప్పుడు ఇంటికి పంపేవారు.

మాంసం కర్మాగారాల్లో ఇంకో విధంగా జరిగింది. పూర్వం పశువులు రైల్లో చికాగో వెళ్లేవి. 1960లో అయోవాలోని డెనిసన్‌లో మొదలైన ఐబీపీ అనే సంస్థ, పశువులున్న పల్లెకే కర్మాగారాన్ని తెచ్చింది. మాంసాన్ని ముక్కలు చేసి పెట్టెల్లో నింపి పంపడం మొదలుపెట్టింది. నేర్పున్న కసాయి చేసే పనిని చిన్న చిన్న కోతలుగా విడగొట్టి, ఒక్కొక్కరికి ఒకే కోత అప్పగించారు. జీతాలు తగ్గించడానికి అది దారి వేసింది. మిన్నెసోటాలోని ఆస్టిన్‌లో హార్మెల్ కంపెనీ గంటకు 10.69 డాలర్ల జీతాన్ని 8.25కు కోస్తే, 1985 ఆగస్టులో కార్మికులు సమ్మెకు దిగారు. మరుసటి జనవరిలో గవర్నర్ నేషనల్ గార్డు సైన్యాన్ని దించారు. సమ్మె ఓడిపోయింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఈ కర్మాగారాలకు మెక్సికో నుంచి, లావోస్ నుంచి, ఇంకా తర్వాత బర్మా, కాంగో దేశాల నుంచి కార్మికులు వచ్చారు. వాళ్లు రావడం వల్ల జీతాలు పడ్డాయని అక్కడ చాలామంది అంటారు. వరుస గమనించండి. ముందు జీతం కోశారు, యూనియన్‌ను విరిచారు, ఆ జీతానికి స్థానికులు నిలవలేదు, అప్పుడు కొత్తవాళ్లు వచ్చారు. పాతవాడి కోపం, కొత్తవాడి భయం ఒకే కత్తి కోసిన గాయాలు.

2004లో ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్‌లో మేటాగ్ ఫ్రిజ్‌ల ప్లాంటు మూసి పనిని మెక్సికోకు తరలించారు, 1,600 ఉద్యోగాలు పోయాయి. 1893 నుంచి ఆ కంపెనీ సొంత ఊరైన అయోవాలోని న్యూటన్‌లో 2007లో చివరి వాషింగ్ మెషీన్ తయారైంది. తర్వాత అక్కడికి గాలిమరల రెక్కలు చేసే ప్లాంటు వచ్చింది. దాని జీతాలు పాత జీతాలకు సాటి రాలేదు. కొన్నేళ్లకు అందులోనూ ఉద్యోగాలు పోయాయి.

మా పెద్దమనిషి ఫ్యాక్టరీ కూడా ఆ కాలంలోనే మూతపడింది. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ప్రభుత్వ వైద్య బీమా అరవై అయిదుకు గానీ రాదు, భార్యకు షుగరు. మా ఆసుపత్రిలో పాత జీతంలో సగానికి చేరారు, బీమా కోసం. నలభై ఏళ్ల నేర్పున్న వెల్డరు రాత్రి షిఫ్టులో బాయిలర్ దగ్గర కూర్చున్నారు. చేరిన మొదటి చలికాలంలోనే, ఎవరూ చెప్పకుండా, పదేళ్లుగా కారుతున్న ఆవిరి గొట్టాలన్నీ బాగుచేశారు.

జీతం లేని పనుల గురించి చెప్పకపోతే ఆ మనిషిని సగమే చూపించినవాణ్ణవుతాను. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో మూడింట రెండు వంతుల మంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. పల్లెల్లో అయితే దాదాపు అంతా వాళ్లే. ఈయన ముప్పై ఏళ్లు ఆ దళంలో ఉన్నారు. నడుముకు పేజర్, అర్ధరాత్రి మోగితే ప్యాంటు తొడుక్కుని పరుగు. రోడ్డు ప్రమాదంలో కారును కోసి బయటికి తీసేది ఈ మనుషులే, తీసిన పిల్లవాడు చాలాసార్లు తెలిసినవాళ్ల పిల్లవాడే. ఎవరి ఇంట్లో చావు జరిగినా చర్చి కింద హాలులో అందరూ తలో గిన్నె వండి తెస్తారు. పొద్దున ఆరింటికి పెట్రోలు బంకులోనో, ధాన్యం గిడ్డంగి ఆఫీసులోనో కాఫీ బల్ల దగ్గర ఐదారుగురు చేరతారు. వర్షం, ధర, ఎవరి మోకాలు ఎలా ఉంది, అంతే. మనకున్న రచ్చబండ వాళ్లకు ఆ బల్ల. ఎదురొచ్చే బండికి స్టీరింగ్ మీది నుంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తారు, తెలిసినా తెలియకపోయినా. మా నాన్నగారు పోయినప్పుడు నేను జనవరిలో హడావిడిగా ఇండియాకు బయల్దేరాను. నేను లేనన్ని రోజులూ ఆయన మా ఇంటికి వచ్చి, గొట్టాలు గడ్డకట్టకుండా నీళ్లు వదిలి, వాకిట్లో మంచు తీసి వెళ్లారు. అడగలేదు, తర్వాత చెప్పలేదు కూడా. పక్కింటామె చెబితే తెలిసింది.

వాళ్లంతా మహాత్ములని నేను అనను. నల్లజాతి వారిని సూర్యాస్తమయం తర్వాత ఊళ్లో ఉండనివ్వని చిన్న పట్టణాలు ఒకప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఎన్నో ఉండేవి. ఆ చరిత్రను అక్కడివాళ్లు ఎదుర్కోవలసినంతగా ఎదుర్కోలేదు. ఓటు గురించి కూడా మీరు అడుగుతారని తెలుసు. అయోవా 2008లో, 2012లో ఒబామాకు ఓటేసింది, 2016 నుంచి వరుసగా మూడుసార్లు ట్రంప్‌కు వేసింది. మనుషులు వాళ్లే. ఈ మార్పుకు జాత్యహంకారం ఒక్కటే కారణమన్నవాళ్లూ, ఆర్థికం ఒక్కటే అన్నవాళ్లూ న్యూటన్‌లో ఒక వారం ఉండి చూడాలని నా అభిప్రాయం.

ఈ మధ్య ఏం జరుగుతోందో చెప్పి ముగిస్తాను. 2021 అక్టోబరు 14న ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీలో పది వేల మందికి పైగా కార్మికులు సమ్మె చేశారు, అక్కడ 1986 తర్వాత ఇదే మొదటి పెద్ద సమ్మె. కంపెనీ లాభాలు అప్పుడు రికార్డు స్థాయిలో ఉన్నాయి. తమ నాయకులు ఒప్పుకున్న ఒప్పందాలను కార్మికులు రెండుసార్లు ఓటేసి తిరస్కరించారు. మూడోది నవంబరు 17న అంగీకరించారు, వెంటనే పది శాతం జీతం పెరిగింది. ఆ అయిదు వారాలూ గేట్ల ముందు ఇనుప పీపాల్లో మంటలు వేసుకుని రాత్రింబవళ్లు కూర్చున్నారు. మా పెద్దమనిషికి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. ఆ కంపెనీలో ఆయన ఎప్పుడూ పనిచేయలేదు. వారానికి రెండుసార్లు ట్రక్కు నిండా కట్టెలు నరికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చేవారు. 2024లో పంట ధరలు పడ్డాయి, ట్రాక్టర్ల గిరాకీ తగ్గింది, అదే కంపెనీ ఇల్లినాయ్, అయోవా ప్లాంట్లలో వందల మందిని ఇంటికి పంపింది, కొన్ని యంత్రాల తయారీని మెక్సికోకు మారుస్తానని ప్రకటించింది. నేను చెప్పిన దూలం ఇప్పటికీ అదే.

ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ముందు వరుసలో ఇద్దరు వైద్య విద్యార్థులు కనిపిస్తున్నారు, ఆ ఊళ్లకు వెళ్లాలనుకుంటే మీ ప్రశ్నలతోనే మొదలుపెడదాం.